పెద్దాపురం పూతరేకు

పెద్దాపురంలో జగన్నాథరావుగారి పచారీ కొట్టు ఎక్కడండీ అని అడిగి చూడండి. ఇదివరకైతే వేలు పెట్టి చూపించేవారు. ఇప్పుడు మాత్రం, "పిల్లులావిడ ఇల్లేనా?" అని ఎదురు అడుగుతున్నారు. మూడు తరాలు కందిపప్పూ బెల్లమూ అమ్మి సంపాదించిన పేరుని ఆ ఇంటి కోడలు, జగన్నాథరావుగారి భార్య సూర్యకళ నాలుగైదేళ్ళలో పిల్లుల పాలు చేసేసింది. ఇదంతా తనకి చాలా కష్టంగా ఉందని జగన్నాథరావుగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. అంత హుషారుగా కష్టం చెప్పుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

సూర్యకళది మండపేట. ఇరవయ్యో ఏట ఈ ఇంటికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్న వంట, మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో పప్పులు చెరగడం, పొట్లాలు కట్టడం, సాయంత్రం దీపం పెట్టడం. ఏ పనైనా ఒద్దికగా చేస్తుందని చుట్టాలంతా అనేవారు, అత్తగారొక్కరే తప్ప. బుల్లెమ్మగారు నోరు పారేసుకునే మనిషి కాదు. అలాగని మెచ్చుకునే మనిషి అసలే కాదు. కూర నచ్చితే రెండోసారి వేయించుకుంటారు, అంతే. ఆ రెండోసారి వేయించుకోవడమే మెప్పని తెలుసుకోవడానికి సూర్యకళకి అయిదారేళ్ళు పట్టింది. తెలిశాక కూడా, ఒక్కసారి నోటితో అంటే ఆవిడ సొమ్మేం పోతుందని అప్పుడప్పుడు అనిపించేది.

పిల్లి ఇంట్లోకి వచ్చింది కూతురి వల్ల. సాయిసుధ విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతూ, పెర్షియన్ పిల్లుల్ని పెంచే లావణ్య అనే అమ్మాయి ఇంట్లో ఒక పిల్లిపిల్లని చూసి ముచ్చటపడి, ముందూ వెనకా ఆలోచించకుండా హాస్టల్‌కి తెచ్చేసుకుంది. వార్డెను గుమ్మంలోనే ఆపేసింది. ఆ బుట్ట పట్టుకుని బస్సెక్కి ఇంటికొచ్చి, "పది రోజులమ్మా, ఈలోగా ఏదో ఒకటి చూస్తాను" అని తల్లి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఆ పది రోజులు ఇంకా అవలేదు.

మీగడ రంగు ఒళ్ళు, గుండ్రటి మొహం, బొటనవేలితో లోపలికి నొక్కేసినట్టుండే ముక్కు. "దీన్నెవరైనా మొహం మీద కొట్టారా ఏంటే?" అన్నారు జగన్నాథరావుగారు. సూర్యకళకి మాత్రం మూకుడులోంచి అప్పుడే తీసిన బూరెలా కనపడింది. బూరె అనే పేరు పెట్టేసింది.

బుల్లెమ్మగారికి పిల్లులు కొత్త కాదు. కొట్టు గోడౌనులో ఎలుకల కోసం ఎప్పుడూ ఒక నాటుపిల్లి ఉండేది. దానికి రోజూ పాలు పోయించిందీ ఆవిడే. కానీ పని చేసుకుని బతికే పిల్లి వేరు, సోఫాలో ఫ్యాను కింద పడుకునే పిల్లి వేరు. పైగా వ్యాపారస్తుల కొంప. మగాడు కొట్టు తియ్యడానికి బయల్దేరుతుంటే పిల్లి ఎదురొస్తే ఇంకేమైనా ఉందా? అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు జరిగింది. పొద్దున్నే జగన్నాథరావుగారు చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వినగానే పెరటి వరండాలోంచి బుల్లెమ్మగారు, "అబ్బాయి బయల్దేరుతున్నాడు, ఆ జంతువుని లోపల పెట్టు!" అని కేకేసేవారు. సూర్యకళ గదిలోకి తోసి గడియ పెట్టేది. ఆయన వీధి మలుపు తిరిగాక గడియ తీసేది. పేరు పెట్టి పిలవడం లేదు, దగ్గరికి రానివ్వడం లేదు. బుల్లెమ్మగారికది జంతువు.

ఈ జాతి పిల్లికి రోజూ దువ్వకపోతే బొచ్చు ఉండలు కట్టేస్తుంది. కళ్ళు తుడవకపోతే మరకలు పడతాయి. సూర్యకళ మధ్యాహ్నం పప్పులు చెరగడం అయ్యాక బూరెని ఒళ్ళో వేసుకుని కూర్చునేది. ఏళ్ళ తరబడి మినప్పప్పులో రాళ్ళు ఏరిన చెయ్యి కదా, బొచ్చు లోపల చిక్కు ఎక్కడుందో కంటికి కనపడకుండానే వేలికి తెలిసిపోయేది. అర్థం కానిది ఉంటే లావణ్యకి ఫోను. లావణ్య చిన్నపిల్లే కానీ ఈ విద్యలో ఆరితేరింది. చెవులు ఎంత దూరంగా ఉండాలో, తోక ఎంత పొట్టిగా ఉండాలో, పోటీల్లో జడ్జీలు ఎక్కడెక్కడ తడిమి చూస్తారో అన్నీ ఓపిగ్గా చెప్పేది. చదువు మానేశాక ఇంత శ్రద్ధగా ఒక పాఠం వినడం సూర్యకళకి అదే మొదటిసారి. తనకంటూ ఒకటి తెలియడం, అది ఇంట్లో ఇంకెవరికీ తెలియకపోవడం, ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది.

బూరె ఈడుకొచ్చింది. ఇల్లంతా తిరుగుతూ ఒకటే అరుపులు. "అక్కా, మంచి పిల్లి, పిల్లల్ని పెట్టిద్దాం. సంబంధం నేను చూస్తాను" అంది లావణ్య. రెండు మగపిల్లుల ఫొటోలు పంపింది, వాటి తాత ముత్తాతల పేర్లతో సహా. సాయిసుధ సెలవులకొచ్చి, సోఫాలో కూర్చుని ఆ పేర్లన్నీ తల్లికి చదివి వినిపిస్తోంది. మొదటి దాని తాత పేరు, బూరె తాత పేరు ఒకటే. వత్తులు చేసుకుంటున్న బుల్లెమ్మగారు తలెత్తకుండానే అన్నారు.

"సగోత్రం. పనికిరాదు."

తల్లీకూతుళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "పిల్లులకి గోత్రాలేంటి మామ్మా!" అని పకపకా నవ్వింది సాయిసుధ.

"ఒక్క తాత కడుపున పుట్టినవాటికి పెళ్ళేంటే! రెండోది చూడండి" అని బుల్లెమ్మగారు వత్తులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. లావణ్యకి చెబితే ఆ అమ్మాయీ నవ్వి, "నాకూ రెండోదే నచ్చింది, మామ్మగారితో చెప్పండి" అంది. చెప్పే ధైర్యం సూర్యకళకి లేకపోయింది. ఆ రెండోది పాలరంగు మగపిల్లి. బూరెని విశాఖపట్నం తీసుకెళ్ళి నాలుగు రోజులు అక్కడే ఉంచి తీసుకొచ్చారు.

రెండు నెలలకి, ఒక మధ్యాహ్నం వేళ, బూరె ఈనింది. ముక్కు చప్పిడిగా ఉండే పిల్లులకి బొడ్డు కొరకడం సరిగ్గా రాదు. లావణ్య ఫోన్లో చెబుతుంటే, మరిగించిన దారంతో సూర్యకళే బొడ్లు కట్టి కత్తిరించింది. ఒక్క ముడీ జారలేదు. పొట్లాలు కట్టే చెయ్యి. నాలుగు పిల్లలు. మూడు తల్లి రంగువి, ఒకటి తెల్లటి తెలుపు. కళ్ళు తెరిచి, బొచ్చు వచ్చాక చూస్తే ఒళ్ళంతా పొరలు పొరలుగా, పట్టుకుంటే విరిగిపోతుందేమో అన్నట్టు ఉండేది. దానికి పూతరేకు అని పేరు పెట్టింది. "ఆత్రేయపురం వాళ్ళు కేసు పెడతారే" అన్నారు జగన్నాథరావుగారు.

మీగడ పిల్లలు మూడూ కాకినాడకీ, రాజమండ్రికీ, యానానికీ వెళ్ళాయి. తీసుకోవడానికి వచ్చినవాళ్ళని సూర్యకళ కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు ఆడపిల్లనిచ్చేటప్పుడు కూడా ఎవరూ అడగరు. రోజూ దువ్వుతారా? ఇంట్లో కుక్క ఉందా? మీరు ఊరెళ్తే దీన్నెవరు చూస్తారు? ఒకాయన విసుక్కుంటే పిల్లిని లోపలికి తీసుకుపోయి టీ ఇచ్చి పంపేసింది. పూతరేకుని మాత్రం ఎవరికీ చూపించలేదు. అదే పెద్దదై ఈ ఇంట్లో బూరె వంశాన్ని నిలబెడుతుందని లావణ్య చెప్పింది. ఆ మాట సూర్యకళ మనసులో నాటుకుపోయింది. పెద్దాపురంలో, తన చేతుల మీద, ఒక మంచి జాతి నిలబడాలి. పెళ్ళయ్యాక ఆవిడ తనకోసం కోరుకున్న మొదటి కోరిక అదే.

ఇంతలో మరిడమ్మ జాతర వచ్చింది. ఆషాఢమాసం, ఇంటినిండా చుట్టాలు. అమ్మవారి కోసం బుల్లెమ్మగారు మడికట్టుకుని స్వయంగా చలిమిడి చేశారు. గుడికి తీసుకెళ్ళే ముందు పైన కప్పిన అరిటాకు తీస్తే, చలిమిడి మీద తెల్లటి వెంట్రుక. వేలెడు పొడవు.

 బుల్లెమ్మగారు ఆ చలిమిడి పక్కన పెట్టేసి, మళ్ళీ స్నానం చేసి, మళ్ళీ బియ్యప్పిండి తీసి, మొదట్నుంచీ చేశారు. జాతర అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయాక కోడల్ని పిలిచారు.

"చూడమ్మాయ్, ఉన్న రెండిటినీ ఎక్కడికీ పొమ్మనడం లేదు. కానీ ఇంక పిల్లల్ని పెట్టించడం చాలు. రెండిటికీ ఆపరేషన్ చేయించెయ్."

సూర్యకళ ఎప్పుడూ ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు చెప్పింది. "అత్తయ్యగారూ, ఒక్కసారి, ఒక్క పోటీకి తీసుకెళ్ళనివ్వండి. అదేదో మామూలు పిల్లైతే నేనే మానేస్తానండి."

బుల్లెమ్మగారు చాలాసేపు ఆలోచించారు. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, సరుకు నాణ్యం తెలిసినవాళ్ళు చెబితే ఆవిడకి నమ్మకమే. "సరే. నలుగురిలో పెట్టు. తెలిసినవాళ్ళు చూసి మంచిది అన్నారా, నేను నోరెత్తను. ఉత్తచేతులతో వచ్చావా, డాక్టరుకి ఫోన్ చెయ్యి."

పోటీ విశాఖపట్నంలో, కార్తీకమాసంలో. ఆ నాలుగు నెలలూ సూర్యకళకి వేరే లోకం లేదు. పూతరేకుకి నీళ్ళు పొయ్యడం, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టడం, కొత్తవాళ్ళు ముట్టుకుంటే బెదరకుండా ఉండడానికి కొట్టుకొచ్చే తెలిసినవాళ్ళ చేతుల్లో పెట్టడం. పొడి చల్లినా, రంగు వేసినా పోటీలోంచి తీసేస్తారని లావణ్య గట్టిగా చెప్పింది. సూర్యకళ పౌడరు డబ్బా గదిలోంచే తీసేసింది. బుల్లెమ్మగారు ఇదంతా చూస్తూ, ఏమీ అనకుండా, అప్పుడప్పుడు మాత్రం, "ఆ జంతువు పొద్దున్న తిన్నట్టు లేదు" అనేవారు.

పోటీ రోజు తెల్లారగానే కారు మాట్లాడుకుని బయల్దేరబోతున్నారు. సూర్యకళ ఆఖరిసారి దువ్వి పూతరేకుని బోనులో పెట్టి వీధి వరండాలో ఉంచి, చీర మార్చుకోవడానికి లోపలికెళ్ళింది. జగన్నాథరావుగారు పెరట్లో ఫోన్లో కొట్టు గుమాస్తాకి ఆ రోజు పనులు చెబుతున్నారు. సూర్యకళ తిరిగొచ్చేసరికి బుల్లెమ్మగారు వరండా గట్టు మీద కూర్చుని జపమాల తిప్పుకుంటున్నారు.

"వెళ్ళొస్తామండి అత్తయ్యగారూ."

"ఊఁ. జాగ్రత్త. కారు అద్దాలు వేసుకోండి, గాలి కొడుతుంది దానికి."

విశాఖపట్నంలో పెద్ద ఫంక్షన్ హాలు. వరసలు వరసలుగా బోనులు, పరదాలు, మెత్తలు. అందరూ జీన్స్ ప్యాంట్లూ టీషర్టులూ వేసుకుని తిరుగుతున్నారు. సూర్యకళ ఒక్కతే ఉప్పాడ చీర కట్టుకుని, తల్లో చామంతులు పెట్టుకుని వచ్చింది. సాయిసుధ హాస్టల్ నుంచి నేరుగా వచ్చి కలుసుకుంది. లావణ్య పూతరేకు మొహాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని చూసింది. తర్వాత మెల్లగా, "అక్కా, నా దగ్గర పుట్టినవాటికి కూడా ఇంత గుండ్రటి తల రాలేదు" అంది.

నంబరు పిలిచారు. జడ్జి బయటి దేశం నుంచి వచ్చిన పెద్దావిడ. పూతరేకుని ఎత్తి, అటూ ఇటూ తిప్పి, మొహం కేసి చూసి చిన్నగా తలూపింది. ఒళ్ళంతా తడిమింది. తోక చూసింది.  జడ్జి కుడిచెవి ముందుకి మడిచి వెనక వేలు పెట్టింది. పెట్టి ఆగిపోయింది. తన బొటనవేలు చూసుకుంది. నల్లగా ఉంది. తెల్ల కాగితంతో చెవి వెనక తుడిచి, ఆ కాగితం బల్ల మీద పెట్టి, సూర్యకళ వైపు చూసి ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"అమ్మా, రంగు వేశారా అంటోంది. ఏదైనా మచ్చ దాచారా అని" అంది సాయిసుధ. 

సూర్యకళ ఆ కాగితం తీసి చూసింది. చూడక్కర్లేకుండానే వాసన తెలిసింది. ఆముదం దీపం మీద పట్టి, నెయ్యి వేసి నూరిన కాటుక. ఆ కాటుక పట్టేది ఇంట్లో ఒక్కరే.

ఒక్క క్షణం సూర్యకళకి ఒళ్ళు మండిపోయింది. ఎంత పని చేశారు! పందెం పెట్టింది ఆవిడే, చెడగొట్టిందీ ఆవిడే! ఇన్ని నెలల కష్టం, తన ఒకే ఒక్క కోరిక, ఒక్క వేలితో తుడిచేశారు. చెడగొట్టాలనే చేశారా? నుదుటి మీద నల్లగా పామేస్తే సరిపోయేదిగా. మరి చెవి వెనకెందుకు పెట్టినట్టు? ఎవరికీ కనపడకుండా, అందం చెడకుండా, బొచ్చు పక్కకి తీసి, జాగ్రత్తగా చుక్క పెట్టారు. సాయిసుధ చంటిపిల్లగా ఉన్నప్పుడు బయటికి తీసుకెళ్తే అచ్చం అక్కడే పెట్టేవారు. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి ఆవిడ ఎప్పుడూ పెట్టలేదు. ఇంటి పిల్లలకే పెట్టేవారు.

సూర్యకళకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాంతోపాటే నవ్వొచ్చింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. "దిష్టి చుక్కండి" అంది జడ్జితో, తెలుగులోనే. "మా అత్తయ్యగారు పెట్టారండి."

సాయిసుధ నానా తంటాలు పడి ఇంగ్లీషులో చెప్పింది. మా మామ్మ, పిల్లి చాలా అందంగా ఉందని భయపడి, అందరి కళ్ళూ పడతాయని... జడ్జి మొహం మెత్తబడింది. పూతరేకు తల నిమిరింది. కానీ రూలు రూలే. పేరు కొట్టేసి, సూర్యకళతో "మళ్ళీసారి మీ అమ్మగారిని కూడా తీసుకురండి" అని మాత్రం అంది. అమ్మ కాదు అత్తగారని సాయిసుధ సర్దబోయింది కానీ ఈలోగా తర్వాతి నంబరు పిలిచేశారు. ఓడిపోయి అంత ఆనందంగా బయటికొచ్చిన మనిషిని చూసి పక్క బోనులవాళ్ళు ఈవిడకేమైందో అనుకున్నారు.

ఇంటికొచ్చేసరికి బుల్లెమ్మగారు వరండాలోనే ఉన్నారు. జగన్నాథరావుగారు కారు దిగుతూనే, "ఏం పని చేశావమ్మా! నువ్వు పెట్టిన కాటుకకి పిల్లిని బయటికి పంపేశారు" అన్నారు.  ఆవిడ చేతిలో జపమాల ఆగిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. భోజనాలకి పిలిస్తే ఆకలి లేదన్నారు.

సూర్యకళ కంచంలో అన్నం పెట్టుకుని వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. కాస్త ఏడిపించాలనిపించింది. ఇన్నేళ్ళలో ఆ హక్కు ఉందని తోచడం అదే మొదలు.

"మాటంటే మాటే కదండీ అత్తయ్యగారూ. ఉత్తచేతులతో వచ్చాను. రేపు డాక్టరుగారికి ఫోన్ చేస్తాను, ఆపరేషన్‌కి."

"ఎవరికే ఆపరేషన్? బుద్ధుందా నీకు?" బుల్లెమ్మగారు గయ్యిమన్నారు. "దాన్ని వాళ్ళు చూశారా అసలు? నా చుక్క చూశారు గానీ పూతరేకుని చూశారా? చూసి బాగోలేదన్నారా?"

"అనలేదండి."

"మరి! దానికి తోడు నిన్న నువ్వు దానికి నీళ్ళు పోసి ఎండలో కూర్చోబెడితే రోడ్డున పోయేవాళ్ళంతా గేటు దగ్గర ఆగి చూశారు. ఆ పాలవాడు చిట్టియ్య అయితే సైకిలు దిగి మరీ చూశాడు. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్న అది బోనులోంచి నాకేసి చూస్తుంటే ప్రాణం ఆగలేదే అమ్మాయ్." ఆవిడ కంచం దగ్గరికి లాక్కున్నారు. "మళ్ళీ ఎప్పుడుంటుంది ఆ పోటీ?"

మళ్ళీ పోటీ మాఘమాసంలో, రాజమండ్రిలోనే జరిగింది. ఈసారి బుల్లెమ్మగారు కూడా కారెక్కారు. దారి పొడవునా, ఏసీ ఎక్కువైందనీ, డ్రైవరు గతుకులు చూడట్లేదనీ, పిల్లకి కడుపులో తిప్పుతుందనీ ఒకటే నస. ఆ రోజు పూతరేకుకి తెల్లవాటిలో రెండో స్థానం వచ్చింది. ఆ రిబ్బను ఇప్పటికీ కొట్లో గల్లాపెట్టె పైన వేలాడుతోంది, చింతపండు కోసం వెళ్ళినా మీకు దాని కథ వినక తప్పదు. నేను చెప్పాలనుకున్నది రిబ్బను సంగతి కాదు, దానికి ముందు జరిగింది.

నంబరు పిలవబోతున్నారు. సూర్యకళ పూతరేకుని ఎత్తుకుని నిలబడి ఉంది. బుల్లెమ్మగారు చేతిసంచిలోంచి చిన్న వెండి భరిణె తీశారు.

"అత్తయ్యగారూ, వద్దండి! పిల్లికి పెట్టకూడదండి!"

"తెలుసులే. కదలకు" అన్నారు బుల్లెమ్మగారు. వేలికి కాటుక అద్దుకుని, కోడలి గడ్డం పట్టుకుని మొహం పక్కకి తిప్పి, బుగ్గ మీద చుక్క పెట్టారు. "ఇంతమంది చూసేది దాన్నొక్కదాన్నే అనుకుంటున్నావా?"

"అమ్మా, తుడిచెయ్, ఫొటోలో బాగోదు" అంటూ సాయిసుధ రుమాలు తీసింది. సూర్యకళ ఒక అడుగు వెనక్కి జరిగింది. పెళ్ళినాడు కన్నతల్లి పెట్టిన బుగ్గచుక్క తర్వాత ఇన్నేళ్ళకి ఇదే. తనకి దిష్టి తగులుతుందేమోనని ఈ ఇంట్లో ఒకరు భయపడ్డారు. 

నంబరు పిలిచారు. కళ్ళు నిండిపోయి నీళ్ళు జారబోతుంటే, ఆ చుక్క ఎక్కడ కరిగిపోతుందోనని సూర్యకళ తల పైకెత్తుకుని బల్ల దగ్గరికి నడిచింది.